సాలమ్మ చెప్పి పంపిన మాటలు

హైదరాబాదు,
సుల్తాన్ బజారు వెనక గల్లీ,
1948 ఫిబ్రవరి 12

తమ్ముడు ఇస్రాయేలుకు అక్క సాలమ్మ దీవించి రాసేది.

చేరాను. మక్తల్ నుంచి దేవరకద్ర దాకా దొర సామాన్ల బండిలో, అక్కడి నుంచి రైల్లో మూటల మీద కూర్చుని కాచిగూడలో దిగాను. పట్నం చూడాలని చిన్నప్పటి నుంచి ఆశ ఉండేది. చూశాను. ఛీ!

నాకిచ్చిన జాగా చెప్తాను విను. రఘుపతిరావు దొర కిరాయికి తీసుకున్న ఇంట్లో మూడు గదులు, పదకొండు మంది. పెరట్లో పాయఖానా. దాని గోడకు ఆనించి కట్టెలు పెట్టే రేకుల పందిరి. ఆ కట్టెల్లో నేను. పాయఖానా కింద గంప ఉంటుంది. ఎత్తిపోసే మనిషి తెల్లారి ఒకసారి వస్తుంది. రాని రోజు రాదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అన్నం వాసన రావడం లేదు తమ్ముడూ, ఏం తింటున్నానో నాకే తెలియడం లేదు.

గల్లీలో నల్లా ఉంది. నేను ముట్టుకోకూడదు. ఎవరైనా దయ తలచి తిప్పి నా కుండ నింపాలి. నిన్న పొద్దున నిలబడితే, పొద్దు బారెడెక్కి అంబటివేళకు నీళ్లు దొరికాయి. మనూళ్లో మన వాడకు మన బావి ఉంది, నా చేత్తో నేను చేదుకునేదాన్ని. ఈ గల్లీ నిండా జిల్లాల నుంచి పారిపోయి వచ్చిన దొరలే. ఒకరినొకరు చూసుకుని "గీడ మనకు ఫికర్ లేదు" అనుకుంటారు.

రెండు నెలలు ఓర్చుకుంటాను. సర్కారు అండ ఉన్న తుపాకుల మంద మనూరి మీద రెండుసార్లు పడి గడ్డివాములు కాల్చినప్పుడు నువ్వే అన్నావు గుర్తుందా? "అక్కా, ఒంటిగ ఉండేదానివి, దొర పట్నం పోతాండు, ఆయన కోడలికి ఏడో నెలంట, కాన్పు చేసి రా, నీకూ భద్రంగ ఉంటది" అని. సరే, ఏడో నెల అంటే ఏప్రిల్‌కల్లా కాన్పు అవుతుంది. నేను మక్తల్ వచ్చేస్తాను.

ఎందుకంటే జానయ్య పెండ్లాం బిక్షమ్మకు మాటిచ్చాను. ఆమెకు ఇప్పుడు నాలుగో నెల, జూలైలో కంటుంది. మొదటి ఇద్దరు పిల్లలూ ఎనిమిదో రోజుకే దవడలు కరుచుకుని పోయారు. రెండుసార్లూ నేను వేరే ఊళ్లో ఇంకొకరి కాన్పు చేస్తున్నాను, ఆమె అత్త సుక్కమ్మే కాన్పు చేసింది. నేను బండెక్కే రోజు బిక్షమ్మ నా చెయ్యి వదల్లేదు. "అత్తా, నువ్వు రాకుంటే నేను కననే కనను, కడుపుల్నే దాసుకుంట" అంది. ఆమె ఎట్లా ఉందో ప్రతి ఉత్తరంలో రాయి.

నీ అక్క,
సాలమ్మ


మక్తల్,
1948 ఫిబ్రవరి 27

ప్రియమైన అక్కకు, తమ్ముడు ఇస్రాయేలు వందనములతో వ్రాయునది.

నీవు క్షేమంగా చేరినందుకు ప్రభువునకు స్తోత్రములు. ఇక్కడ నేనును క్షేమమే. ఊరు సగం ఖాళీ అయినది. మిషన్ బడికి పందొమ్మిది మంది పిల్లలు మాత్రమే వస్తున్నారు. నీ ఇల్లు పాడుపడకుండా నేనే అందులో ఉంటున్నాను.

ఒక మాట చెప్పవలెను, కోపగించుకోకు. నీవు వ్రాసిన ఆ పాయఖానా సంగతులు చదివి నాకు రెండు పూటలు అన్నం సహించలేదు. ఇటువంటివి కాగితం మీద పెట్టవచ్చునా? నీవు పోయిన తర్వాత వాడకట్టులో చదువు వచ్చినవాడిని నేనొక్కడినే. ఉత్తరం వచ్చిందనగానే సుక్కమ్మ, జానయ్య, బిక్షమ్మ, అందరూ వచ్చి వాకిట్లో కూర్చుంటారు. వారి యెదుట ఏమని చదువను? "అక్క క్షేమంగా చేరింది" అని మాత్రం చెప్పి మడిచి పెట్టాను. పంతులన్నవాడికి ఒక మర్యాద ఉన్నది కదా.

నారాయణపేట నుంచి నాకొక సంబంధం వచ్చినది. పిల్ల తండ్రి సంఘంలో బోధకుడు, మిక్కిలి శుచి గల మనిషి. బిక్షమ్మ బాగున్నది.

నీ తమ్ముడు,
ఇస్రాయేలు


హైదరాబాదు,
1948 మార్చి 22

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. పాయఖానా పక్కన పడుకునేది నేను, అన్నం సహించనిది నీకా! నువ్వు పుట్టినప్పుడు అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నదాన్ని నేనే, అప్పుడు నాకు పదిహేనేళ్లు. నీ ఒంటి మీద ఏమేం ఉన్నాయో చెప్పమంటావా? వద్దులే, మళ్లీ రెండు పూటలు పస్తుంటావు.

ఇప్పుడు అసలు సంగతి. నన్ను మోసం చేశారు.

మొన్న పెద్దదొరసాని పురాణం వినడానికి పోయింది. చిన్నదొరసాని నడుం పట్టుకుని నా రేకుల కిందికి వచ్చింది. పదహారేళ్ల పిల్ల. "సాలమ్మా, కలుక్కుమంటాంది, జర చూడు" అంది. నేను ఆమెను ముట్టుకోవడం అదే మొదలు. నొప్పులు వచ్చినంక తప్ప మంత్రసాని చెయ్యి తగలొద్దని, ముందు తగిలితే మైల అని ఆ ఇంటి కట్టడి. మక్తల్‌లో బండెక్కేటప్పుడు కూడా శాలువా కప్పిన మనిషిని దూరం నుంచి చూపించి ఏడో నెల అన్నారు. నేను నమ్మాను. ఇరవై ఏళ్ల నుంచి కడుపులు చూసేదాన్ని, చెయ్యి వేయకుండా ఒకరి మాట నమ్మాను. నా బుద్ధికి చెప్పు దెబ్బలు పడాలి.

చెయ్యి వేస్తే తెలిసింది. నాలుగు నిండి ఐదో నెల నడుస్తోంది. గర్భం ఇంకా బొడ్డు దాకా రాలేదు. కాన్పు ఆగస్టులో!

పెద్దదొరసాని రాగానే అడిగాను. ఆమె కొంచెం కూడా సిగ్గుపడలేదు. "ఏడో నెలంటేనే వస్తివి. మూడో నెలంటే వద్దువా?" అంది. పట్నంలో పనిమనుషులు జీతం అడుగుతారట. నేనైతే అడగనట. రోకలి, చాట, అంట్లు, పెద్దదొర ఉమ్మే తస్తరీ, ఆయన రాత్రి పోసుకునే కుండ, అన్నీ నా నెత్తినే. ఊళ్లో ఎన్నడూ వెట్టి చేయని మనిషిని పట్నం తెచ్చి వెట్టి చేయిస్తున్నారు. పైగా నా చెయ్యి తగిలిందని ఆ పిల్ల నడుం మీద పసుపునీళ్లు పోసి కడిగించింది. కాన్పు రోజు బిడ్డను పట్టుకోవాల్సింది ఈ చెయ్యే కదా! అప్పుడేం పోసి కడుగుతుందో చూస్తాను.

నేనిక్కడ ఉండను. నువ్వు వచ్చి నన్ను తీసుకపో. ఒంటరిగా పోనివ్వరు, మగమనిషి వచ్చి అడిగితే ఆపలేరు. బిక్షమ్మకు చెప్పు, అత్త వస్తోందని.

సాలమ్మ


మక్తల్,
1948 ఏప్రిల్ 5

ప్రియమైన అక్కకు,

నీ కష్టం చదివి బాధ కలిగినది. కాని ఈ సమయమున ప్రయాణం తగదు. దారులు బాగాలేవు. అక్కడ నీకు తిండికి లోటు లేదు, తుపాకుల భయం లేదు. కాన్పు అయ్యేవరకు ఓర్చుకొనుము.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉన్నది. ఇక దాచి లాభం లేదు. జనవరిలో పోలీసు అమీను చేతికి ఒక చిట్టా వచ్చినది. దొరల మీద తిరగబడిన సంగం వాళ్లకు సాయం చేసేవారి పేర్లు అందులో ఉన్నవి. మూడవది నా పేరు. జానయ్య వాళ్లకు రోజూ పేపరు చదివి వినిపిస్తున్నానని ఎవరో చెప్పారట. మిగతా ఇద్దరినీ తీసుకొనిపోయారు, వారు ఇంతవరకు తిరిగి రాలేదు. నన్ను మాత్రం దొరవారు "ఈ పంతులు నా మనిషి" అని విడిపించారు. అందుకు ఆయన అడిగినది ఒక్కటే. కోడలి కాన్పు అయ్యేవరకు నిన్ను పట్నం పంపమన్నారు.

నెల సంగతి నాకు తెలియును. ఆయనే చెప్పారు. మూడో నెల అంటే బిక్షమ్మను వదిలి నీవు కదలవని, ఏడో నెల అని నేనే నీతో అన్నాను. నీవిప్పుడు తిరిగి వస్తే దొరవారి మాట కూడా వెనక్కి పోతుంది. ఆలోచించుము. ఇద్దరమూ ప్రాణాలతో ఉన్నాము, అదే చాలును.

బిక్షమ్మ బాగున్నది. బడి దగ్గర కనబడితే నవ్వినది.

ఇస్రాయేలు


హైదరాబాదు,
1948 ఏప్రిల్ 20

ఇస్రాయేలుకు,

తమ్ముడూ అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

"అక్కా, నా పేరు చిట్టాలో ఉంది, నువ్వు పోతేనే నేను బతుకుతా" అని ఒక్క మాట అంటే రాకపోయేదాన్నా? అమ్మ పోయినంక చంకనేసుకుని పెంచినదాన్ని. కాన్పు చేసిన ఇళ్లల్లో ఇచ్చిన జొన్నలు నేను తినకుండా నీ బడికి కట్టినదాన్ని. నడిచి వచ్చేదాన్ని పట్నానికి. నిజం చెప్పి పంపితే బిక్షమ్మకు వేరే దారి చూసి వచ్చేదాన్ని కదరా. అబద్ధం చెప్పి, భద్రంగా ఉంటావని ముద్దు మాటలు చెప్పి పంపావు. థూ!

సరే. నువ్వు చావొద్దు. నేనిక్కడే ఉంటాను. కానీ బిక్షమ్మ బిడ్డ కూడా చావొద్దు. అందుకే ఈ పని నీ మీద పెడుతున్నాను. కింద రాసింది సుక్కమ్మకు చదివి వినిపించు. బిక్షమ్మ, జానయ్య కూడా ఉండాలి. ఒక్క మాట మింగొద్దు. సుక్కమ్మతో తిరిగి చెప్పించు. నీకు సిగ్గవుతుందని తెలుసు. అవనీ. సిగ్గుకు ఎవరూ చచ్చిపోరు.

"సుక్కవ్వా, సాలమ్మ చెప్తాంది ఇను. నొప్పులు మొదలు కాంగనే నీ చేతులు మోచేతుల దాక సబ్బు వెట్టి కడుగు. గోర్లు తీసుకో. మైల గుడ్డలు పెట్టెల నుంచి తీసి గట్లనే వాడకు, ఉడకబెట్టి ఎండల ఎండేసినవే వాడు. బిడ్డ తల కింద అగుపడ్డంక బిక్షమ్మను ముక్కుమని తొందర వెట్టకు, కడుపు మీద మోకాలు వెట్టి ఒత్తకు. మాయ దానంతటదే పడేదాక బొడ్డుతాడు గుంజకు. బొడ్డు కోసే కత్తి, కట్టే దారం రెండూ సలసల తెర్లే నీళ్లల్ల అంబలి ఉడికినంతసేపు ఉడకబెట్టు. కొడవలి ముట్టకు. బొడ్డు మీద పేడ వెట్టకు. బూడిద వెట్టకు. ఏదీ వెట్టకు, అది దానంతటదే ఎండి రాలుతది. రొమ్ము నుంచి మొదలొచ్చే పసుపుపచ్చ పాలు పిండి పారబొయ్యకు, గవే తాపియ్యి. ఆ ఇద్దరు పిల్లలు దిష్టి తగిలి పోలేదు, దేవుడు తీసుకపోలేదు. పేడల ఉండే విషం బొడ్డుల నుంచి పోయి దవడ కరిపించింది. మిషన్ దవాఖానల డాక్టరమ్మ నాకు చూపిచ్చి చెప్పింది. నీకు ఎవ్వలు చెప్పలే గనుక నీ తప్పు గాదు. ఇప్పుడు నేను చెప్పిన."

ఇంతే. రెండు కాగితాలు అయ్యాయి. చదివానని నాకు రాయి.

సాలమ్మ


మక్తల్,
1948 మే 6

ప్రియమైన అక్కకు,

నీ లేఖ చేరినది. నీవు తెలియజేయుమన్న విషయములు వారికి తగు రీతిని తెలియజేసితిని. చింతించవలదు. నారాయణపేట వారు వచ్చి ఇల్లు చూసుకొని పోయినారు, తృప్తి చెందినట్లే ఉన్నది. బిక్షమ్మ బాగున్నది.

ఇస్రాయేలు


హైదరాబాదు,
1948 జూన్ 3

ఇస్రాయేలుకు,

తగు రీతి అంటే ఏ రీతి? సుక్కమ్మ తిరిగి చెప్పిందా? పేడ మాట అన్నప్పుడు ఆమె ఏమంది? ఆమె నోరు నాకు తెలుసు, ఎదురు మాట్లాడకుండా ఉండదు. అవన్నీ రాయి. ఉత్తరం చేరిందని నాకెందుకు, చేరకపోతే నేనిట్లా అడుగుతానా?

ఇక్కడి సంగతి వింటే నువ్వు మెచ్చుకున్న భద్రం ఎంతో తెలుస్తుంది. గల్లీలో దొరలు పొద్దంతా పేకాట ఆడుతూ, ఊళ్లో తమకున్న భూముల లెక్క చెప్పుకుంటూ ఉంటారు. బయట ఎక్కడైనా నినాదాలు వినిపించాయా, చటుక్కున తలుపులు మూస్తారు. మూసి, లోపలి నుంచి "సాలమ్మా, జర గల్లీ చివరి దాక పోయి ఏందో చూసి రా" అంటారు. నేను పోవాలి. పోయి, ఏమీ లేదు దొరా అని చెప్తే తలుపులు తీస్తారు. పెద్దదొరసాని నేను నిలబడిన గడప మీద నీళ్లు చల్లుతుంది. ఈ మనుషులకు ఊళ్లో మనం ఎట్లా భయపడ్డామో తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

ఆ పిల్ల ఒక్కతే మనిషి. అందరూ పడుకున్న మధ్యాహ్నం వచ్చి నా పక్కన కట్టెల మీద కూర్చుంటుంది. "సాలమ్మా, నేను సస్తనా?" అని అడుగుతుంది. సావవు బిడ్డా, నేనున్న కద అంటాను. అన్న ప్రతిసారీ బిక్షమ్మ గుర్తుకొస్తుంది.

జవాబు రాయి. వంకర మాటలు వద్దు.

సాలమ్మ


మక్తల్,
1948 జూలై 9

ప్రియమైన అక్కకు,

శుభవార్త! బిక్షమ్మకు ఈ నెల ఆరవ తేదీన మగబిడ్డ కలిగాడు. తల్లీబిడ్డా క్షేమం. ఒత్తైన జుట్టు, గట్టి గొంతు. ఏడిస్తే వాడ చివరి దాకా వినబడుతున్నది. జానయ్య అందరికీ బెల్లం పంచాడు. నీ పేరు తలచుకున్నాడు. నీవు ఇక నిశ్చింతగా ఉండుము.

ఇస్రాయేలు


హైదరాబాదు,
1948 జూలై 16

ఇస్రాయేలుకు,

బిడ్డ పుట్టాడని చదివి రేకుల కింద ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. తర్వాత తేదీ చూశాను. తొమ్మిదిన రాశావు. ఎనిమిదో రోజు పదమూడు. ఇది నా చేతికి వచ్చేసరికి ఆ రోజు గడిచిపోయింది.

బొడ్డు దేనితో కోశారు? బొడ్డు మీద ఏం పెట్టారు? పాలు తాగుతున్నాడా? ఈ మూడింటికి జవాబు రాయి. పేజీ నిండా రాయొద్దు, మూడు మాటలు చాలు. నాకు నిద్ర లేదు.

సాలమ్మ


మక్తల్,
1948 జూలై 27

అక్కా,

గీ ఒక్క ఉత్తరం నోటి మాటల్నే రాస్తున్న. పుస్తకాల మాటలు రాస్తే మల్ల అబద్ధమే రాస్తనేమో అని భయమైతాంది.

పిల్లగాడు పోయిండు. ఏడో నాడు పాలు వట్టుడు బంద్ జేసిండు. దవడ కరుచుకున్నది. నడుం ఎనుకకు వంగింది. నేను పోయి చూసిన. తొమ్మిదో నాడు పొద్దుగాల పోయిండు.

నీ ఉత్తరం నేను చదవలే అక్కా. చదువుదామనే కూసున్న. సుక్కవ్వ, బిక్షమ్మ, జానయ్య, ఇంకో నలుగురు ఆడోళ్లు వాకిట్ల ఉన్నరు. అదే రోజు నారాయణపేట నుంచి పిల్ల నాయిన వచ్చి మంచం మీద కూసున్నడు. చేతులు కడుగు, గోర్లు తీసుకో, అంతదాక చదివిన. ఆ తర్వాత మైల గుడ్డలు అని ఉన్నది. దాని కింద ఇంకేమేం ఉన్నయో కండ్లకు అగుపడుతున్నయి. ఆయన నా దిక్కే చూస్తుండు. గవన్నీ నా నోటితోటి, గంతమంది ఆడోళ్ల ముంగట, కాబోయే మామ ముంగట ఎట్ల చదవాలె అనుకున్న. "అక్క అందరిని అడిగింది, శుభ్రంగ ఉండుమన్నది, ప్రార్థన చేయుమన్నది" అని మడత వెట్టిన. బిక్షమ్మ ఊకోలేదు. "గంతేనా? రెండు కాయితాల నిండ రాసింది గద?" అన్నది. గంతే అన్న.

తర్వాతన్న చెప్పచ్చు. రోజూ అనుకున్న. రోజూ రేపు అనుకున్న. సుక్కవ్వ పేడే వెట్టింది.

పేపరు చదివి చిట్టాకెక్కినోన్ని, నీ రెండు కాయితాలు చదవలేకపోయిన. నన్ను నేను చూసుకుంటే ఓకరిక వస్తాంది. పాయఖానా మాట చదివి అన్నం తినలేదని నీకు రాసిన గద, గప్పటి సంది నాకు అసుంటిదే రోగం ఉన్నది.

ఇంకో సంగతి. ఈడ ఎవ్వరికి ఇది తెల్వదు. బిక్షమ్మ కడుపే పాడుదని, పాలల్లనే విషమున్నదని అంటున్నరు. బిక్షమ్మ గూడ గట్లనే అనుకుంటాంది. పాలు పిండి బండ మీద పోసి చీమలు సస్తయా అని చూసింది. సుక్కవ్వ ఆమెను తల్లిగారింటికి తోలి జానయ్యకు వేరే పిల్లను చూస్తాంది. వచ్చే నెల తోలుతరంట.

నన్నేం జెయ్యమంటవో చెప్పు.

ఇస్రాయేలు


హైదరాబాదు,
1948 ఆగస్టు 6

ఇస్రాయేలూ,

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను. తిట్లు రాలేదు, అసహ్యం ఒక్కటే ఉంది. పాయఖానా పక్కన ఆరు నెలలు పడుకున్నాను, నాకింత రోత పుట్టలేదు. బిడ్డ పుట్టేటప్పుడు వచ్చే రక్తం, మాయ, మలం, ఇవన్నీ ఈ చేతులకు అంటాయి, కడిగితే పోతాయి. నీ మర్యాద ఎట్లా కడగాలో నాకు తెలియదు.

నన్ను తీసుకపోవడానికి రావద్దు. ఈ పిల్లకు ఇవాళో రేపో నొప్పులు వస్తాయి. ఆమెను వదిలి వస్తే నీకూ నాకూ తేడా ఉండదు. కత్తి ఉడకబెట్టనివ్వకపోయినా, పేడ తెచ్చి పెట్టినా కాన్పు చేయనని, గల్లీలోకి పోయి మీ మోసం అందరికీ చెప్తానని పెద్దదొరసానితో అన్నాను. ఒప్పుకుంది. నొప్పుల దాకా ఆగకుండా రోజూ ఆ పిల్లను ముట్టుకుని చూస్తున్నాను, ఒక్కరూ పసుపునీళ్లు తేవడం లేదు. ఆ పని కాగానే వస్తాను. నేను వచ్చేసరికి నా ఇంట్లో నువ్వు ఉండొద్దు.

ఈ రెండో కాగితం బిక్షమ్మది. అందరినీ పిలిచి చదువు. నీ కాబోయే మామ ఉంటే ఆయన ముందు కూడా చదువు. చదవకపోతే నేనొచ్చి నా నోటితో చెప్తాను, అప్పటికి బిక్షమ్మ వెళ్లిపోయి ఉంటుంది. ఆ పాపం కూడా నీదే.

"బిక్షమ్మా, బిడ్డా, నేను నీ సాలత్తను. మాటిచ్చి రాలేదు, నన్ను తిట్టు. నీ కడుపు మంచిది. నీ పాలు మంచివి. నీ ముగ్గురు పిల్లలు పోయింది బొడ్డు మీద పెట్టిన పేడ వల్ల. ఏప్రిల్ నెలల్నే ఈ మాట నేను రాసి పంపిన. పేడ వెట్టొద్దు, కత్తి ఉడకబెట్టుమని రెండు కాయితాల నిండ రాసిన. అది నీకు చదవలే. చదవనిది ఎవరో గాదు, ఇప్పుడు నీ ముంగట కూసోని గీ కాయితం చదువుతున్న నా తమ్ముడే. ఆడోళ్ల మాటలని సిగ్గువడ్డడు. తలకాయెత్తి వాని మొకం చూడు. సుక్కవ్వా, నీకు చెప్పలే గనుక నీ తప్పు గాదు. ఇప్పుడు చెప్పినంక గూడ కోడల్ని తోలితే అది నీ తప్పే. జానయ్యా, ఇంకో పిల్లను తెచ్చుకుంటే ఆ పిల్ల బిడ్డ బొడ్డు మీద గూడ అదే పేడ పడుతది, మల్ల అదే అయితది. ఆలుమొగలు ఇద్దరు ఒక్కతాన ఉండుండ్రి. నేను వస్తున్న. నాలుగో కాన్పు నా చేతులతోటి చేస్త."

సాలమ్మ


మక్తల్,
1948 ఆగస్టు 19

అక్కా,

చదివిన. నిన్న పొద్దుగూకంగ వాకిట్లనే చదివిన. జానయ్య, సుక్కవ్వ, బిక్షమ్మ, వాడోళ్లు పదిహేను మంది దాక ఉన్నరు. నారాయణపేటాయన లేడు. ఆయనకు గూడ నేనే జాబు రాసిన, సంగతి మొత్తం రాసిన. ఆ సంబంధం ఇంక రాదు.

నా తమ్ముడే అన్న కాడ ఆగలే. సగంల జానయ్య లేచి నా మీదికి వచ్చిండు. నలుగురు పట్టుకున్నరు. "చదవనియ్యుండ్రి" అని బిక్షమ్మ అన్నది. మిగిలింది చదివిన. సుక్కవ్వ కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సింది. ఏడ్సి ఏడ్సి, "గీ మాట అప్పుడు జెప్తే నేను చెయ్యకపోదునా పంతులూ? నా మనుమండ్లను నేను సంపుకుందునా?" అన్నది. జానయ్య బిక్షమ్మను తోలనని అందరి ముంగట చెప్పిండు. పిల్లలను ఇంక నా బడికి పంపేది లేదని వాడోళ్లు అన్నరు. నేను ఇల్లు ఖాళీ జేసిన, బడిల పండుకుంటున్న.

బిక్షమ్మ పోలేదు అక్కా. అందరు పోయినా కూసున్నది. "అప్పటి కాయితం ఉన్నదా?" అని అడిగింది. తెచ్చి ఇచ్చిన. చదువు రాదు గద, కింద మీద పట్టుకొని చూసింది. "బొడ్డు మీద పేడ వెట్టొద్దన్న మాట ఇందుల యాడున్నది, చూపియ్యి" అన్నది. నేను వేలు వెట్టి చూపిచ్చిన. ఆమె అక్కడ తన వేళ్లు ఆనిచ్చి కొలిచింది.

"బెత్తెడు గూడ లేదు గద పంతులూ" అన్నది.

ఇస్రాయేలు